పాలపళ్ళ కోడెకు బండ కట్టొద్దు

సంక్రాంతి వెళ్ళిన దగ్గర నుంచి ఉగాది దాకా మన జిల్లాలో ఏ తిరునాళ్ళకు వెళ్ళినా బండలాగుడు పోటీలే. ఊరి బయట బాట చదును చేసి, అటూ ఇటూ తాళ్ళు కట్టి, మొదట్లో బండ పెడతారు. పొద్దు వాలేసరికి గట్ల మీద, ట్రాక్టర్ల మీద, చివరికి చింతకొమ్మల మీద కూడా జనమే. నేనూ ఆ జనంలో ఒకణ్ణి. ఎడ్లంటే చెవి కోసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. అందుకని ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పోటీలు ఆపేయమని నేను రాయడం లేదు. ట్రాక్టర్లు వచ్చాక సేద్యంలో ఎద్దుకు పని తగ్గిపోయింది. ఒంగోలు కోడెలను ఇంకా కొంతమంది ఇంటి ముందు కట్టుకుని మేపుతున్నారంటే దానికి ఈ పోటీలు ఒక కారణం. అది కాదనలేం.

నా గొడవంతా మైకులో వినిపించే ఒక్క మాటతోనే. "పాలపళ్ళ విభాగం" అంటారే, దానితో.

పాలపళ్ళంటే ఇంకా దూడపళ్ళు ఊడని కోడె. దాని మెడ మీద కాడి వేసి, బండకు గొలుసు తగిలించి, వెనక నుంచి పదిమంది కేకలేస్తూ లాగిస్తున్నాం. గెలిస్తే ఈలలు. ఆరో తరగతి చదివే పిల్లాడి చేత ధాన్యం బస్తాలు మోయిస్తే ఊళ్ళో నలుగురూ ఊరుకుంటారా? ఇక్కడ మాత్రం డబ్బులిచ్చి, షీల్డు ఇచ్చి, ఫొటో తీయిస్తున్నాం.

ఇది నేను పక్కవాళ్ళను చూసి చెప్పే మాట కాదు. నేనూ చేశాను. పదకొండేళ్ళ కిందటి సంగతి. నాకున్నది మూడెకరాలు. మా ఆవుకు పుట్టిన కోడె ఒకటి, దానికి జోడుగా పక్క ఊళ్ళో కొన్నది ఒకటి. రెండూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు, మూపురాలు కూడా కొలిచినట్టు సమానం. రెండు పళ్ళు వేసీ వేయంగానే పోటీలో దింపాను. మొదటిసారే రెండో బహుమతి వచ్చింది. ఇంక ఆగుతానా! జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపల ఏడు ఊళ్ళు తిప్పాను. రాత్రి మినీ లారీలో ఎక్కించడం, పొద్దున దించడం, మధ్యాహ్నం లాగించడం, మళ్ళీ లారీ. అయిదో ఊరి నుంచి వచ్చాక దాపటి కోడె పొద్దున లేవగానే ముందు కాలు పొట్టిగా వేస్తోంది. నాలుగు అడుగులు వేస్తే సర్దుకునేది. జబ్బ పట్టి ఉంటుందిలే అనుకుని బెల్లం సున్నం పట్టు వేశాం. మా నాయన మాత్రం "ఒరేయ్, ఇంక ఈ ఏటికి చాలించరా" అన్నాడు. నేను వినలేదు. ఏడో ఊళ్ళో సగం బాటలోనే కోడె మోకాళ్ళ మీద కూలబడింది.

ఎక్స్‌రే తీయించాను. డాక్టరు గారు ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇది ఇవాళ తగిలిన దెబ్బ కాదయ్యా, ఎన్నో వారాలుగా లోపల చితుకుతూనే ఉంది. అయినా ఎముక ఇంకా అతుక్కోని పిల్లకు ఇన్ని బండలేమిటి?" అన్నారు. ఎముక అతుక్కోకపోవడం ఏమిటో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నది నలుగురికీ చెబుదామనే ఈ రాత.

పశువుకు కింది దవడలో ముందు ఎనిమిది పళ్ళు. పైన చిగురే తప్ప ముందు పళ్ళుండవు. దూడపళ్ళు ఊడి మొదటి జత పెద్దపళ్ళు రెండేళ్ళు దాటాక, రెండున్నరేళ్ళ లోపల వస్తాయి. రెండో జత మూడేళ్ళ ప్రాంతంలో. మూడో జత మూడున్నర, నాలుగేళ్ళ మధ్య. కడపళ్ళు నాలుగున్నర, అయిదేళ్ళకు. జాతిని బట్టి, మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి. ఇది మనందరికీ తెలిసిందే. సంతలో నోరు తెరిచి చూడకుండా ఎవరూ బేరం ఆడరు.

మనం చూడనిది కాళ్ళ లోపలిది. పొడవాటి ఎముక కొస దగ్గర లేత కొబ్బరి లాంటి మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. పెరగడం పూర్తయ్యాక ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అతుక్కోవడం అంటే అదే. అన్ని ఎముకలూ ఒకేసారి అతుక్కోవు. చాలావరకు కింద నుంచి పైకి వస్తుంది వరస. పశువుల్లో మోకాలి కింద, గిట్టకు పైన ఉండే ఎముక రెండు, రెండున్నరేళ్ళకు అతుక్కుంటుంది. ముందు మోకాలికి పైన ఉన్న ఎముక కింది కొస అతుక్కునేసరికి మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది. వెనక కాలి చిప్ప దగ్గర కలిసే రెండు ఎముకల కొసలదీ అదే లెక్క. వెన్నుపూసలు ఇంకా ఆలస్యం. దానికి తోడు మన ఒంగోలు నిదానంగా ఎదిగే జాతి. ఆవు మొదటి ఈత ఈనేసరికే మూడేళ్ళు దాటిపోతాయి. విత్తులు కొట్టించిన కోడెల్లో ఈ అతుక్కోవడం మరింత వెనక్కి పోతుంది. కాబట్టి ఒడ్డూ పొడుగూ చూసి ఎద్దయిందనుకుంటే పొరపాటే.

ఇప్పుడు పళ్ళ లెక్కను, ఎముకల లెక్కను పక్కపక్కన పెట్టి చూడండి. పాలపళ్ళ కోడెలో బరువు లాగే ముఖ్యమైన కొసలు చాలావరకు అతుక్కుని ఉండవు. రెండు పళ్ళప్పుడు మోకాలి కింది ఎముక అతుక్కునే కాలం. ఆరు పళ్ళు వేసేసరికి మోకాళ్ళు, చిప్పలు గట్టిపడే కాలం వస్తుంది. పోటీలకు పళ్ళను బట్టి విభాగాలు పెట్టినవాళ్ళు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, కొలబద్ద మాత్రం మంచిదే పట్టుకున్నారు. దాని మీద రాసి ఉన్నదే మనం చదవడం లేదు.

ఇక్కడ గుర్రాల సంగతి ఎత్తుతాను. ఎద్దుల గురించి రాస్తూ మధ్యలో గుర్రమెందుకని అడగొచ్చు. పందెపు గుర్రాల మీద జరిగినంత పరిశోధన మన బండలాగే ఎడ్ల మీద జరగలేదు. అక్కడ ఒక్కో గుర్రం మీద కోట్లు తిరుగుతాయి కాబట్టి అది ఎందుకు కుంటుతోందో తెలుసుకోవడానికి యూనివర్సిటీలు కూర్చున్నాయి. మన హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తే థరోబ్రెడ్ జాతి గుర్రాలే అవి. ఎద్దు బరువు లాగుతుంది, గుర్రం వేగంగా పరిగెడుతుంది. దౌడులో ఒక్కో క్షణం గుర్రం ఒళ్ళంతా ఒక్క ముందు కాలి మీద పడుతుంది. ఎద్దు వెనక కాళ్ళతో నేలను తన్నిపట్టి మెడతో తోస్తుంది. కనుక అక్కడి అంకెలు తెచ్చి ఇక్కడ అంటించకూడదు. కానీ ఎముక ఎముకే. అది అలిసే తీరు, కోలుకునే తీరు ఒక్కటే.

పందెపు గుర్రాల పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ పూర్వం గుర్రాలను అయిదారేళ్ళు వచ్చాకే పందేలకు దింపేవారు. ఎక్లిప్స్ అని పేరు మోసిన గుర్రం 1764లో పుట్టి, 1769లో అయిదేళ్ళ వయసులో మొదటి పందెం పరిగెత్తింది. పద్దెనిమిది పందేలు గెలిచి, ఒక్కటీ ఓడకుండానే విరమించింది. ఆ తర్వాత యజమానులకు తొందర పుట్టింది. అయిదేళ్ళ దాకా మేపాలంటే ఖర్చు కదా! 1776లో సెయింట్ లెజర్, 1780లో డెర్బీ మూడేళ్ళ గుర్రాలకు పెట్టారు. 1786కల్లా న్యూమార్కెట్‌లో జూలై స్టేక్స్ అని రెండేళ్ళ పిల్లలకే పందెం వచ్చింది. ఇప్పుడు రెండేళ్ళకు పందేలు మామూలైపోయాయి. ఆ రెండేళ్ళలోనూ ఒక మతలబు ఉంది. అక్కడ అన్ని గుర్రాలకూ పుట్టినరోజు జనవరి 1నే. ఏప్రిల్‌లో పుట్టిన పిల్ల కూడా ఇరవై నెలలకే కాగితం మీద రెండేళ్ళది అయిపోతుంది. తరిఫీదు అంతకుముందే మొదలై ఉంటుంది.

ఫలితం ఏమిటంటే, అమెరికాలో తరిఫీదులో ఉన్న లేత గుర్రాల్లో నూటికి దాదాపు డెబ్బైకి మోకాలి కింది ఎముక ముందు వైపు వాచి నొప్పి చేస్తుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నునమేకర్ అనే ఆయన దీని మీద ఏళ్ళ తరబడి పని చేశారు. ఆయన తేల్చిన విషయం ఆసక్తిగా ఉంటుంది. గుర్రాన్ని రోజూ మైళ్ళకు మైళ్ళు నెమ్మదిగా తిప్పడం వల్ల పందెపు వేగానికి ఎముక సిద్ధం కాదు. దాని బదులు అప్పుడప్పుడు కొద్ది దూరం వేగంగా పరిగెత్తించి, నెలల మీద మెల్లగా పెంచుకుంటూ పోతే ఈ వాపులు బాగా తగ్గాయి. ఎముక ఏ పనికి అలవాటు పడాలో ఆ పనినే చిన్న చిన్న మోతాదుల్లో రుచి చూపించాలన్న మాట.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఎముక రాయి కాదు, ప్రాణమున్న వస్తువు. దాని మీద బరువు పడినప్పుడు కంటికి కనిపించని సన్నటి బీటలు పడతాయి. అది తప్పు కాదు, అందరికీ పడతాయి. ఒళ్ళు వాటిని మరమ్మతు చేస్తుంది. ఎలా చేస్తుందీ అంటే, పాత గోడ బీటలు వారితే మేస్త్రీ ఏం చేస్తాడు? ముందు బీటవారిన ఇటుకలు తీసేస్తాడు, తర్వాత కొత్తవి పేరుస్తాడు. ఎముకలోనూ అంతే. చెడిన భాగాన్ని తినేసే కణాలు ముందు వస్తాయి. కట్టే కణాలు తర్వాత వస్తాయి. తియ్యడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఈ మధ్య కాలంలో ఎముక ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. అప్పుడే మళ్ళీ పోటీ పెడితే? ఇటుకలు తీసిన గోడ మీద దూలం ఎత్తినట్టే.

వెంటవెంటనే పోటీలు పెట్టడం ఎందుకు చేటో దీన్ని బట్టే తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 1990 నుంచి రేసుకోర్సుల్లో చచ్చిపోయిన ప్రతి గుర్రానికీ పోస్టుమార్టం చేస్తున్నారు. కాలు విరిగి చచ్చిన గుర్రాల్లో చాలావాటికి సరిగ్గా విరిగిన చోటే పాత దెబ్బ ఆనవాళ్ళు కనిపించాయి. అంటే ఆ రోజు విరిగింది ఆ రోజు మొదలైంది కాదు. అంతకుముందు రెండు నెలల్లో పందెపు వేగంతో ఎక్కువ దూరం పరిగెత్తిన గుర్రాలకు ప్రమాదం ఎక్కువని కూడా అక్కడివాళ్ళే లెక్కగట్టారు. మా డాక్టరు గారు ఫిల్ము చూసి చెప్పిన మాట నాకు ఇది చదివినప్పుడు గుర్తొచ్చింది. అయిదో ఊరి తర్వాత పొద్దున్నే పొట్టిగా పడిన ఆ అడుగు నాకు చీటీ రాసి పంపినట్టే. నేను దాన్ని చదవకుండా బెల్లం సున్నం పూశాను.

ఇక్కడితో ఆపేస్తే నా వాదనకు అనుకూలంగా ఉన్నవే చెప్పినవాణ్ణవుతాను. రెండో వైపు కూడా ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో లెక్కలు తీస్తే, రెండేళ్ళకే పందెం మొదలుపెట్టిన గుర్రాలు ఆలస్యంగా మొదలుపెట్టిన వాటికన్నా ఎక్కువ కాలం పరిగెత్తాయని తేలింది. రేసు యజమానులు దీన్ని జెండాలా పట్టుకు తిరుగుతారు. ఇందులో నిజం ఉంది, మెలికా ఉంది. మెలిక ఏమిటంటే రెండేళ్ళకు పందెం దాకా వచ్చినవి గట్టి పిల్లలు. మొదటి పందెం కూడా చూడకుండా తరిఫీదులోనే కుంటి పక్కకు పోయినవి ఆ వరసలో ఉండవు. పిందెలు రాలిపోయాక చెట్టున మిగిలిన కాయలు చూసి గాలివాన మంచిదే అన్నట్టుంటుంది.

నిజం మాత్రం మనం తీసుకోవలసిందే. లేత వయసులో కదలిక మంచిది. న్యూజిలాండ్‌లో పచ్చిక బయళ్ళలో తిరిగే గుర్రపు పిల్లలకు కొన్ని వారాల వయసు నుంచే రోజూ కొంచెం అదనంగా పరుగు పెట్టి చూశారు. హాని కనిపించలేదు సరిగదా, ఎముకలకు మేలే జరిగింది. ఎముక కష్టానికి తగ్గట్టు గట్టిపడుతుంది. కదలకపోతే పలచబడుతుంది. కాబట్టి పోటీ కోడె అని నీడపట్టున గుంజకు కట్టేసి, ఉలవలూ తవుడూ పెట్టి, బయటికి వదలకుండా పెంచడం కూడా దానికి ద్రోహమే. ఆరు నెలలు కదలనివ్వకుండా మేపి, పోటీ పదిహేను రోజులుందనగా బండ కట్టేవాళ్ళను చూస్తున్నాం. అది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గుర్రాల్లోనూ ఎక్కువ కాలం విశ్రాంతి ఇచ్చి మళ్ళీ పనిలో పెట్టిన మొదటి వారాల్లో జబ్బ ఎముకలు విరగడం చూశారు.

మన పెద్దలు చేసింది ఏమిటి? దూడను చేలో ఆవు వెనక తిరగనిచ్చేవారు. రెండు పళ్ళు వేశాక పెద్ద ఎద్దు పక్కన కట్టి ఖాళీ కాడితో తిప్పేవారు. తర్వాత ఒక చిన్న దుంగ. తర్వాత దుక్కి పొడిగా ఉన్న మెత్తటి చేలో ఒక పూట గుంటక. నాలుగు పళ్ళు దాటితే గానీ నిండు నాగలి కట్టేవారు కాదు. వాళ్ళు ఎక్స్‌రేలు చూడలేదు. ఎద్దు పదిహేనేళ్ళు పని చేయాలి, మళ్ళీ కొనే శక్తి లేదు, అందుకే జాగ్రత్త. మనకు ఎద్దుతో అంత కాలం పని లేదు. ఒక సీజను లాగితే చాలు, అమ్మేయొచ్చు. వచ్చిన మార్పంతా ఇందులోనే ఉంది.

ఇక డబ్బు సంగతి. దీన్ని దాటేసి నీతులు చెబితే చిన్న రైతు వినడు, వినకూడదు కూడా. పోటీల్లో సీనియర్ జతలు పెంచేది పెద్ద ఆసాములు. వాళ్ళకు పాలేళ్ళు, లారీ, డాక్టరు అన్నీ ఉంటాయి. పాలపళ్ళు, రెండు పళ్ళ కోడెలు మాత్రం ఎక్కువగా మన దగ్గరి నుంచే పోతాయి. ఆవు ఈనిన కోడెను జాగ్రత్తగా పెంచి, ఒకటి రెండు పోటీల్లో అడుగులు చూపిస్తే ధర పెరుగుతుంది. బండ లాగి చూపించకపోతే కొనేవాడు నమ్మడు. కాబట్టి పాలపళ్ళ విభాగం అంటే మన లాంటివాళ్ళకు అంగడి. దాన్ని ఎత్తేయమంటే, కోడెను ఇంకో రెండేళ్ళు ఎవరు మేపుతారు? వరిగడ్డి ధర ఎంత, చొప్ప ధర ఎంత? నాకూ తెలుసు.

కానీ ఆ అంగడిలో నష్టం ఎవరి ఖాతాలో పడుతోందో కూడా చూడండి. కోడె నిలబడితే లాభం కొనుక్కున్న ఆసామిది. నాలుగేళ్ళ తర్వాత సీనియర్లలో అది తెచ్చే పేరు ఆయనదే. అమ్మకముందే కుంటితే నష్టం మనది. అదీ ఒక్క కోడెతో పోదు. జోడులో ఒకటి పోతే రెండోది కూడా పోయినట్టే. ఒంటి కోడెకు జత కలపాలంటే ఎత్తు కలవాలి, రంగు కలవాలి, నడక కలవాలి. సంతలో ఒంటి కోడెను చూస్తే బేరగాడి ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. అమ్మేసిన తర్వాత కుంటినా మనకు రావలసిన చెడ్డపేరు రానే వస్తుంది. "ఆ ఇంటి కోడెలు నిలవవు" అంటారు. తప్పు కోడెది కాదు, రక్తానిదీ కాదు. తొందర మనది.

అందుకని నేను అడిగేది పాలపళ్ళవాళ్ళను తిరునాళ్ళ నుంచి తరిమేయమని కాదు. బండ తీసేయమంటున్నాను. ఆ విభాగాన్ని ప్రదర్శనగా మార్చండి. జోడు కుదురు, మూపురం, కాళ్ళ తీరు, గిట్టలు, ఖాళీ కాడితో నడక చూసి బహుమతులివ్వండి. ఎడ్లు తెలిసిన పెద్దమనిషికి కోడె నడక చూస్తే చాలు, అది రేపు ఏం లాగుతుందో చెప్పేస్తాడు. బహుమతి సొమ్ము మాత్రం తగ్గించకూడదు. అలా అయితే చిన్న రైతుకు అంగడి మిగులుతుంది, కోడెకు కాళ్ళు మిగులుతాయి. రెండు పళ్ళవాళ్ళకు బండ ఉంచాలనుకుంటే బరువు బాగా తగ్గించి, ఒక సీజనులో ఇన్నిసార్లే అని హద్దు పెట్టాలి. ఎన్నిసార్లని అడిగితే నా మటుకు రెండు అంటాను. మూడు అని ఎవరైనా వాదిస్తే పోట్లాడను. ఏడు మాత్రం కాదు.

పెద్ద ఎడ్లకైనా పోటీకీ పోటీకీ మధ్య మూడు వారాల ఎడం ఉండాలి. ఇది అమలు చేయడం కష్టమేమీ కాదు. ప్రతి జతకూ ఒక పుస్తకం పెట్టి, ఏ ఊళ్ళో ఏ తేదీన లాగిందో కమిటీవాళ్ళే రాసి సంతకం పెడితే సరి. పుస్తకం లేని జతకు బాట లేదు. పోటీకి ముందు డాక్టరు గారు నోరు చూసి, నడిపించి, కాళ్ళు తడిమి చూడాలి. నొప్పి తెలియకుండా సూది వేసి దింపడం కొన్నిచోట్ల జరుగుతోంది. నొప్పి అనేది ఎద్దు మనతో మాట్లాడే ఒకే ఒక్క మాట. ఆ నోరు నొక్కేసి లాగిస్తే ఎముక విరిగేదాకా ఎవరికీ తెలియదు. అదీగాక పశువులకు డైక్లోఫెనాక్ వాడటం 2006 నుంచే నిషేధం. ఆ మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోయాయి. మన చిన్నప్పుడు ఊరి బయట కనిపించిన రాబంది ఇప్పుడేది?

నియమాలు పెడితే పోటీల కళ పోతుందని కొందరి భయం. అమెరికాలో శాంటా అనిటా అనే రేసుకోర్సులో 2018 డిసెంబరు ఆఖరు నుంచి 2019 జూన్ లోపల ముప్పై గుర్రాలు చనిపోయాయి. దేశమంతా గగ్గోలు పుట్టింది. తర్వాత డాక్టర్ల పరీక్షలు, మందుల మీద ఆంక్షలు, ప్రతి గుర్రానికీ లెక్కలు గట్టిగా వచ్చాయి. 2022 నుంచి జాతీయ స్థాయిలో ఒక సంస్థ ఆ నియమాలు చూస్తోంది. 2009లో వెయ్యి పరుగులకు రెండు చొప్పున ఉన్న చావులు 2023కు 1.32కు దిగాయి. పందేలు ఆగలేదు, జనం రావడమూ మానలేదు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. కాడి పశువుల కోసం 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా వాటి చేత పని చేయించకూడదు. మొనదేలిన కర్రతో పొడవకూడదు. ఉగాది నాటికి మన ఎండ ఎంతుంటుందో, మిట్టమధ్యాహ్నం బాట మీద ఏం జరుగుతుందో నేను చెప్పాలా? 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను వద్దంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న అదే కోర్టు ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అక్కడ ఆట నిలిచింది చట్టంతో, నియమాలతో. మన ఇంటిని మనం సర్దుకోకపోతే ఎవరో వచ్చి తాళం వేసే రోజు వస్తుంది. అప్పుడు ఒంగోలు జాతి పేరు చెప్పి ఏడ్చినా లాభం ఉండదు.

కమిటీలు కదిలే లోపల ఎవరి కొట్టంలో వాళ్ళు చేసుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. పొద్దున కోడెను లేపగానే మొదటి పది అడుగులు చూడండి. వేడెక్కాక చూసే నడక మోసం చేస్తుంది. రెండు కాళ్ళూ ఒకేసారి రెండు అరచేతులతో తడమండి. ఒకటి వెచ్చగా తగిలితే ఆ రోజుకు కాడి ముట్టుకోవద్దు. నిలబడి ఉన్నప్పుడు ఒకే కాలు పదేపదే ముందుకు చాపుతోందా, బరువు అటూ ఇటూ మారుస్తోందా చూసుకోండి. వెనక కాలు బిగుసుకుని నేల మీద ఈడ్చుకుంటూ, ఒక్కసారిగా ఎగరేసి వేస్తుంటే చిప్ప జారి ఇరుక్కుంటోందని అర్థం. డాక్టరు చిన్న కోతతో బాగు చేస్తారు. వాతలు పెట్టించి తోలు కాల్చుకోవద్దు.

మేత దగ్గర ఒక్క మాట. ఉలవలు, తవుడు కండనిస్తాయి. ఎముకకు కావలసిన సున్నం తవుడులో తక్కువ. వరిగడ్డిలోనూ తక్కువే. కండ పెరిగి, బరువు పెరిగి, ఎముక వెనకబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లిపెసర, అలసంద, అవిసె ఆకు ఏది దొరికితే అది రోజూ కొంత వేయండి. దాణాలో ఖనిజ లవణాల పొడి 30 నుంచి 50 గ్రాములు కలపండి. పోటీ దగ్గర పడిందని దాణా ఒక్కసారిగా పెంచొద్దు. కడుపు పులిసి గిట్టలు నొప్పి చేస్తాయి, అది కాలి జబ్బనుకుని తిప్పలు పడతాం.

మా దాపటి కోడె మూడు నెలలకు నడిచింది గానీ కాడికి పనికి రాలేదు. వలపటిదాన్ని ఒంటిగా, కొన్న ధరలో మూడో వంతుకు అమ్మాను. దాపటిదాన్ని అమ్మడానికి మా నాయన ఒప్పుకోలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కోడె ఇంకా మా చింతచెట్టు కిందే ఉంది. వాన పడే ముందు రోజు ఆ కాలు ఎత్తి పట్టుకుని నిలబడుతుంది. ఈ సంక్రాంతికి మా ఊరి కమిటీవాళ్ళు చందాకు వచ్చినప్పుడు పాలపళ్ళ విభాగం సంగతి అడిగాను. "చూద్దాంలే బాబాయ్, వచ్చే ఏడు" అన్నారు. చందా మాత్రం ఇచ్చాను. నడక పోటీకి మొదటి బహుమతి నా పేరున రాసుకోమని చెప్పి ఇచ్చాను.